ఏడుగురు తవిటయ్యలు

లోకనాథం గురువుగారిని ప్రశ్న అడగడమంటే కోరి పని నెత్తికెత్తుకోవడమేనని ఆశ్రమంలో అందరికీ తెలుసు. ఆయన వాదనకు దిగేవారు కాదు, శాస్త్రాలు తిరగేసేవారు కాదు. అడిగినదంతా ఓపిగ్గా విని, కాసేపు అటూ ఇటూ చూసి, కంటికి ఆనిన పని ఏదో పురమాయించేవారు. ఆత్మ ఎక్కడుంటుందని అడిగిన ఒక పెద్దమనిషి వారం పాటు బావిలో పూడిక తీశాడు. వైరాగ్యం ఎలా కుదురుతుందని అడిగిన మరొకాయన ఈనబోయే ఆవు పక్కన కాపలా కూర్చున్నాడు. వాళ్ళకు జవాబు దొరికిందో లేదో మనకు తెలియదు. పూడిక తీసిన బావిలో మాత్రం ఆ వేసవిలో నీళ్ళు ఎండలేదు.

నాగావళి ఒడ్డున ఉన్న ఆ ఆశ్రమంలో తవిటయ్య అనే శిష్యుడు ఉండేవాడు. కథ చెప్పడంలో అతనిది అందె వేసిన చెయ్యి. ప్రతి పున్నమికీ చుట్టుపక్కల ఊళ్ళ జనం చాపలు చంకన పెట్టుకుని వచ్చేది గురువుగారి మౌనం చూడడానికి కాదు, తవిటయ్య కథ వినడానికే. ఈ మాట గురువుగారే నవ్వుతూ అనేవారు.

తవిటయ్య అన్న పేరు సంగతి ఆ సీమవాళ్ళకు విడమరిచి చెప్పనక్కరలేదు గాని, తెలియనివాళ్ళ కోసం చెప్పాలి. పుట్టిన బిడ్డలు పుట్టినట్టే చేతుల్లోంచి జారిపోతుంటే, ఆ తర్వాత పుట్టినవాణ్ణి కన్నతల్లి తనవాడిగా ఉంచుకోదు. పొరుగింటి ఆడమనిషికి చేటెడు తవుడుకు అమ్మేస్తుంది. మృత్యువు మళ్ళీ ఆ గడప తొక్కితే, ఇక్కడ నా బిడ్డలెవరూ లేరు, ఉన్నవాడు పక్కింటావిడ కొనుక్కున్నవాడు, వాడి వెల పశువుల దాణాపాటి అని చెప్పుకోవచ్చు. అలా అమ్ముడుపోయినవాడు తవిటయ్య, ఆడపిల్లయితే తవిటమ్మ. కొన్నావిడ బిడ్డను మళ్ళీ కన్నతల్లికే పెంచమని అప్పగిస్తుంది. తవిటయ్య పుట్టిన నీలంవలసలో ఈ పద్ధతి మరీ గట్టిది. బిడ్డ కొన్నావిడనే అమ్మా అని పిలవాలి. కన్నతల్లి వాణ్ణి నా కొడుకు అని నోటితో అనకూడదు. వాడి పెళ్ళినాడు ఆమె తన ఇంట్లో దంచిన తవుడు చేటెడు పట్టుకెళ్ళి కొన్నావిడ చేతిలో పోయాలి. ఆవిడ గుప్పిట మూసి, ముట్టింది అనాలి. ఆ మాటతో బిడ్డ తిరిగి కన్నతల్లికి దక్కుతాడు.

ఇదంతా ఊరికే పద్ధతి. చాలామంది తల్లులు బిడ్డకు పాలపళ్ళు ఊడేసరికి ఇది మరిచిపోయి, కన్నా, నాయనా అని ముద్దులాడేవారు. తవిటయ్య కన్నతల్లి అసిరమ్మ మాత్రం మరిచిపోలేదు. అతను ఆమెను పిన్నీ అని పిలిచి పెరిగాడు. ఒళ్ళు కాలిపోయే జ్వరం వచ్చినప్పుడు ఆమె మంచం దిగకుండా కూర్చుంది, నిజమే. కాని ఎవరైనా పలకరిస్తే, పోలమ్మ గుంటడికి జ్వరమంట, చూద్దామని వచ్చాను అనేది, పక్కింటి పిల్లాడి మాట చెబుతున్నట్టు, తన ఇంట్లోనే కూర్చుని. పదేళ్ళప్పుడు శ్రీరామనవమి పందిట్లో అతను ఒక ఘట్టం పాడితే ఊరంతా మెచ్చుకుంది. పరుగున ఇంటికి వచ్చి ఆమె ముందు నిలబడ్డాడు. ఆమె రోకలి ఆపకుండా, పోలమ్మ గుంటడు ఏటో అరిసాడంట అని పక్కావిడతో అంది. ఆ రోజు ఆ పిల్లవాడి మనసు విరిగింది. అది మళ్ళీ అతకలేదు. పొరుగింటి పోలమ్మ పిల్లలు లేని విధవరాలు, నవ్వుల మనిషి, బెల్లం ముక్క పెట్టి బుగ్గలు పుణికేది. నీకు పెళ్ళయితే నాకే నష్టంరా, నా తవుడు నాకిచ్చేసి నిన్ను లాక్కుంటారు అని ఏడిపించేది. తనను కన్న మనిషికి తానంటే ఏమీ లేదని, ఉన్న ప్రేమంతా తవుడు పెట్టి కొన్నావిడదేనని అతను నమ్మాడు. పెళ్ళి సంబంధాలు వస్తున్న వయసులో, నాకు సంసారం వద్దని చెప్పి ఆశ్రమం చేరాడు. ఆ పైన నీలంవలస వైపు వెళ్ళింది చాలా తక్కువ.

ఆశ్రమంలో మొదట్లో ఆ పేరు అతనికి ముల్లులా ఉండేది. కూర్మనాథం అనే పెద్ద శిష్యుడు ఒకడున్నాడు, ప్రతిదానికీ తూకం వేసే రకం. ఆవు అరిస్తే చాలు, తవిటయ్యా, నీ కోసమేనోయ్ అనేవాడు. నలుగురూ నవ్వేవారు. తవిటయ్య కూడా నవ్వేవాడు గాని, లోపల ఉడికిపోయేవాడు. ఇలా ఉండగా ఒకసారి రేవులో ఒక ముసలి పడవవాడు మాటల మధ్యలో ఓడ నడిపే సరంగు తవిటయ్య సంగతి చెప్పాడు. పూర్వం బర్మాలోని రంగం నుంచి తిరిగివస్తున్న ఓడ తుఫానులో చిక్కి తెరచాప స్తంభం విరిగితే, ఈ తవిటయ్య తనను తాను చుక్కానికి కట్టుకుని, కళ్ళలో ఉప్పునీళ్ళు కొడుతున్నా చెయ్యి వదలకుండా ఓడను ఒడ్డుకు చేర్చాడట. అందరూ దిగాక, కాసింత గంజి ఉంటే పొయ్యండమ్మా అన్నాడట. ఆ మాట విన్నప్పుడు మన తవిటయ్యకు ఒళ్ళు పులకరించింది. తన పేరున్నవాడు ఒకడు అంత పని చేశాడా అనుకున్నాడు.

అది మొదలు, వచ్చినవాళ్ళనల్లా ఆ పేరుగలవాళ్ళ సంగతులు అడగడం అతనికి వ్యసనమైపోయింది. గట్టిగా వెతికితే దొరకనిదేముంది. కొండకోట ద్వారం దగ్గర ఒంటరిగా నిలిచి, వీపు చూపకుండా నేలకొరిగిన తవిటినాయుడు దొరికాడు. కొండవాగును పల్లపు చేలకు మళ్ళించి, తన మడికి నీరందకపోయినా కాలువ వంచని తవిటయ్య దొరికాడు. శతకం చివర జమీందారు పేరు పెట్టమంటే తాటాకులు ఏట్లో కలిపేసిన కవి ఉన్నాడు, పద్యాలు అప్పటికే జనం నోట ఉండబట్టి మిగిలాయి. మశూచి వచ్చిన ఊళ్ళో, అయినవాళ్ళే వదిలిపోయిన రోగులకు నీళ్ళు పట్టిన వైద్యుడు ఒకడు. తగవు తీర్చే పీట మీద కూర్చుని సొంత అల్లుడికే జరిమానా వేసిన పెద్ద ఒకడు. కరువులో మగ్గం అమ్మి దారినపోయేవాళ్ళకు అంబలి కాచిన సాలెవాడు ఒకడు. మొత్తం ఏడుగురు. పున్నమి కథల్లో ఈ ఏడుగురినీ అతను గొంతెత్తి చెబుతుంటే, వింటున్న జనంలో తవిటయ్యలు ఛాతీ విరుచుకుని కూర్చునేవారు. కూర్మనాథం కూడా ఆవు పరిహాసం మానేశాడు.

మాఘ పున్నమికి తవిటయ్యకు దీక్ష ఇవ్వాలని నిశ్చయమైంది. దీక్ష తీసుకున్నవాడికి ఇంటి పేరు, ఒంటి పేరు రెండూ పోతాయి, గురువు కొత్త పేరు పెడతారు. అంతకుముందు కన్నతల్లి తన చేత్తో గుప్పెడు బియ్యం ఇచ్చి సెలవు చెప్పాలి. ఆ బియ్యం ఎవరి చేతనైనా తెప్పించుకుందామని తవిటయ్య అనుకున్నాడు. అతన్ని పీడిస్తున్నది పేరు సంగతి. ఒకప్పుడు వదిలించుకుందామనుకున్న పేరు ఇప్పుడు అతనికి కిరీటమై కూర్చుంది. పుష్యమాసంలో ఒక ఉదయం గురువుగారి ముందు నిలబడి, ఏడుగురి సంగతీ క్లుప్తంగా చెప్పి అడిగాడు.

“గురువుగారూ, వీళ్ళ కాలాలు వేరు, కులాలు వేరు, చేసిన పనులు వేరు. పేరొక్కటే కలిసింది. వీళ్ళలో ఎవరు గొప్పవారో మీరు చెప్పండి. ఆయన్ని తలుచుకుని ఈ పేరుతోనే దీక్ష తీసుకుంటాను.”

లోకనాథం గారు విన్నారు. పశువుల పాకలో శిష్యులు దాణా కలుపుతున్నారు, అటు చూశారు. మీ ఇంట్లో ఆవు ఉందా అని అడిగారు. ఉందన్నాడు తవిటయ్య. అయితే ఓసారి ఇంటికి వెళ్ళిరా, వట్టి చేతులతో వెళ్ళకు, ఓ మూటెడు తవుడు కట్టుకుని వెళ్ళు అన్నారు. నీలంవలస పోలమ్మకు ఒంట్లో బాగులేదని, ఎవరో చెప్పగా విన్నానని కూడా అన్నారు. తవిటయ్య తలవంచుకుని కదలబోతుంటే ఆపి, అసలు పని అప్పుడు చెప్పారు.

“ఈ ఏడుగురి కథలూ మీ ఇంట్లో ఆవిడకి చెప్పు. విని ఏమంటుందో వచ్చి నాతో చెప్పు.”

తవుడు మూట భుజాన వేసుకుని తవిటయ్య నది దాటాడు. ఇసుకలో, మినుపచేల గట్ల మీద నడుస్తూ, ఇదేం విడ్డూరమని దారిపొడుగునా గొణుక్కుంటూనే ఉన్నాడు. చదువుకున్నవాళ్ళు మెచ్చుకున్న కథలు, రోకలిపోటు తప్ప మరొకటి ఎరగని మనిషికి చెప్పాలట. చెప్పినా ఏమంటుంది? పోలమ్మ గుంటడు ఏదో అరిచాడు అంటుంది, అంతే కదా.

నీలంవలసలో అసిరమ్మ ఇంటికి గొళ్ళెం పెట్టి ఉంది. పక్కనే పోలమ్మ ఇంట్లో ఉందని చెప్పారు. వెళ్ళి చూస్తే, పోలమ్మ నులకమంచం మీద ఒక పక్కకు ఒరిగి ఉంది. పక్షవాతం వచ్చి మాట, కుడిచెయ్యి పడిపోయాయి. అసిరమ్మ ఆమె తల ఒళ్ళో పెట్టుకుని చెంచాతో గంజి పోస్తోంది. ఆమె జుట్టు పూర్తిగా నెరిసిపోయింది. తవిటయ్యను చూడగానే ఆమె చేతిలో చెంచా ఒక్క క్షణం ఆగింది, మళ్ళీ కదిలింది.

“మీ అమ్మకి మాట పడిపోనాది,” అంది అసిరమ్మ. “దగ్గరకొచ్చి కూకో. నువ్వంటే గుర్తే ఆవిడికి.”

తవిటయ్య పోలమ్మ చెయ్యి పట్టుకుని కూర్చున్నాడు. ఆమె కళ్ళలోంచి నీళ్ళు చెవుల మీదికి జారాయి. ఎప్పుడూ నవ్వే ముఖం అలా వంకరపోయి ఉండడం చూడలేకపోయాడు. అసిరమ్మ చేట తీసుకుని బియ్యంలో రాళ్ళు ఏరుతూ కూర్చుంది. చాలాసేపు ఆ ఇంట్లో చేట చప్పుడు తప్ప మరేమీ లేదు. ఆ నిశ్శబ్దం భరించలేకనో, గురువు ఆజ్ఞ కదా అనో, తవిటయ్య కథ మొదలుపెట్టాడు. గురువుగారు చెప్పమన్నారు పిన్నీ అని ముందే చెప్పి, సరంగు తవిటయ్య తుఫానులో ఓడను ఎలా ఒడ్డుకు చేర్చాడో చెప్పాడు. పోలమ్మ కళ్ళు మెరిశాయి. అసిరమ్మ తలెత్తకుండానే అడిగింది.

“ఆడి ముందు ఎంతమంది పోనారు?”

ఎవరూ పోలేదు పిన్నీ, ఓడలో అందరూ బతికారు, అదే కదా కథ అన్నాడు తవిటయ్య.

“ఓడలోటి కాదు,” అంది ఆమె. “ఆడి తల్లికి.”

తెలియదు పిన్నీ అన్నాడు. కథ సరిగ్గా వినలేదు కాబోలు అనుకుని రెండోది చెప్పాడు. కోట ద్వారం, ఈటెలు, ఒంటరి వీరుడు. ఏ ఊళ్ళో చెప్పినా జనం ఊపిరి బిగబట్టే ఘట్టం అది. అసిరమ్మ ఒక రాయి ఏరి పారేసి, ఆడి ముందు ఎందరు అంది. తవిటయ్యకు కోపం వచ్చింది. ఆ సంగతి ఎవరూ చెప్పలేదు, ఎక్కడా లేదు అన్నాడు విసురుగా. కాలువ తవ్వినవాడి కథ చెప్పాడు. ఈసారి ఆమె అడగకముందే అతని గొంతు తగ్గిపోయింది. కవి కథ వచ్చేసరికి అతని కళ్ళ ముందు ఆ కవి లేడు, తాటాకులు లేవు. చీకటి గదిలో ఒక ఆడమనిషి ఖాళీ ఉయ్యాల పక్కన కూర్చుని ఉంది. ఇన్నేళ్ళుగా ఏడుగురి పేర్లు తలకిరీటాల్లా మోసుకు తిరిగాడు గాని, ఆ పేరు వాళ్ళకు ఎందుకు వచ్చిందో తెలిసి కూడా ఒక్కసారి అటు చూడలేదు. గురువు ఏడూ చెప్పమన్నారు గనుక ఏడూ చెప్పాడు. ఏడోది అయ్యాక ఆమె చేట కింద పెట్టి అంది.

“మంచోల్లే, పాపం. ముందెల్లిపోనోల్ల పేర్లు ఎవులూ సెప్పరు.”

కాసేపటికి ఆమె చూపు గుమ్మం దగ్గరున్న మూట మీద పడింది. అందులో ఏముందని అడిగింది. ఆవుకని గురువుగారు పంపిన తవుడు అన్నాడు తవిటయ్య. ఆమె ఆ మూట వంక, అతని వంక, మంచం వంక మార్చి మార్చి చూసింది. తర్వాత లేచి గబగబా తన ఇంటికి వెళ్ళి, అటక మీది కుండ దింపి, చేటలో తవుడు పోసుకుని తిరిగి వచ్చింది. ఆ కుండ సంగతి వీధిలో ఆడవాళ్ళకు తెలుసు. తవిటయ్యకే తెలియదు. ఏటా పాతది పురుగు పట్టకముందే ఆవుకు పెట్టి, కొత్త వడ్లు దంచినప్పుడు మొదటి తవుడు దాంట్లో నింపుతూ వచ్చింది ఆమె. పెళ్ళి వద్దని అతను వెళ్ళిపోయాక కూడా నింపుతూనే ఉంది. వాడు సన్నాసుల్లో కలిశాడు కదే, ఇంకెందుకే అని ఎవరైనా అంటే, ఉండనీ అనేదట.

అప్పటికి వీధిలోవాళ్ళు పోగయ్యారు. పెళ్ళి లేకపోయినా, కొన్నావిడ కన్ను మూయకముందు అప్పగిస్తే చెల్లుతుందని ఒక ముసలావిడ తీర్పు చెప్పింది. మాట పడిపోయింది గనుక గుప్పిట మూసినా చాలునంది. అసిరమ్మ మంచం పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, పోలమ్మ కుడిచెయ్యి తెరిచి, అందులో తవుడు పోసింది. పద్ధతి ప్రకారం కుడిచెయ్యే కావాలి. పోలమ్మకు సంగతి తెలిసింది. ఒంట్లో ఉన్న శక్తంతా ఆ చేతిలోకి పంపాలని తంటాలు పడింది. నుదుటన చెమట పట్టింది. వేళ్ళు కదలలేదు. తవుడు వేళ్ళ సందుల్లోంచి సన్నగా నేల మీదికి రాలిపోతూనే ఉంది. నువ్వే మూసేయవే, ఎవరు చూడొచ్చారు అని ఎవరో అన్నారు. అసిరమ్మ ఆ వేళ్ళను తన రెండు చేతుల్లోకి తీసుకుంది. ఒక్కసారి వంచితే చాలు. ఎన్నాళ్ళుగానో కాచుకున్న మాట నోటి చివర ఉంది. తనకు అది ఇంత కావాలని అప్పటిదాకా తవిటయ్యకే తెలియదు. అసిరమ్మ ఆ వేళ్ళను వంచకుండానే మంచం మీద పెట్టేసింది.

“నాను మూస్తే దొంగతనమవుతాది,” అంది. “మనుసులు సూడకపోనా అది సూస్తాది.”

పొద్దు వాలేవేళకు పోలమ్మ ప్రాణం పోయింది. అరచేతిలో అంటుకున్న తవుడు అలాగే ఉంది. ఆమెకు కొరివి పెట్టవలసిన కొడుకు ఎవరని ఎవరూ అడగలేదు, అందరూ తవిటయ్య వంకే చూశారు. మర్నాడు ఉదయం అతనే కుండ పట్టుకుని ముందు నడిచాడు, అతనే నిప్పు పెట్టాడు. కొనుక్కున్న తల్లి అలా కాలిపోతుంటే నిజమైన దుఃఖంతోనే ఏడ్చాడు. బెల్లం పెట్టిన చెయ్యి అది.

దహనం అయ్యాక ఆడవాళ్ళు రేవులో స్నానాలు చేసి వెళ్ళిపోయారు. అసిరమ్మ ఒక్కతే తడిబట్టలతో మెట్టు మీద కూర్చుని ఉంది. తవిటయ్య మునిగి లేచి, ఆమె ముందుకు వచ్చి నిలబడ్డాడు. ముందుగా అనుకున్నది కాదు, నోరు దానంతటదే తెరుచుకుంది. “అమ్మా,” అన్నాడు.

ఆమె ఉలిక్కిపడి లేచి అతని నోరు అరచేత్తో మూసింది. ఎవరైనా విన్నారేమోనన్నట్టు నీళ్ళ వైపు, చెట్ల వైపు చూసింది. ఆ కళ్ళలో ఉన్న భయం అతను ఏ కథలోనూ చెప్పలేకపోయిన భయం. అప్పుడు గాని అతనికి పందిట్లో పాట నాటి రోకలిపోటు అర్థం కాలేదు. ఊరంతా మెచ్చుకుంటున్న బిడ్డ ఎక్కడ మృత్యువు కంటపడతాడోనని ఆ తల్లి ఎంత వణికిపోయిందో, ఆ మాట అనడానికి గుండెను ఎంత రాయి చేసుకుందో, అతనికి ఇప్పుడు తెలిసింది. మెట్టు మీద కూలబడ్డాడు. ఆమె చెయ్యి తీసి నెమ్మదిగా అంది.

“నా బిడ్డా అని నలుగురిని పిలిసినాను. నోరారా పిలిసినాను. నలుగురూ ఎల్లిపోనారు. నిన్ను పిలవను.”

వాళ్ళ పేర్లు చెప్పు పిన్నీ అని అడిగాడు తవిటయ్య. బతికున్న బిడ్డ చెవిలో పోయినవాళ్ళ పేర్లు పడకూడదని అక్కడి నమ్మకం. ఆమె అతనికి వీపు తిప్పి, ఏటి వైపు ముఖం పెట్టి, నీళ్ళతో చెబుతున్నట్టుగా చెప్పింది. మొదటివాడు సింహాద్రి. నిద్రలో నవ్వేవాడు. రెండోది గవరమ్మ, దానికి పుట్టుకతోనే వీపుదాకా జుట్టు. మూడోవాడు రామచంద్రుడు. వాడు దాహమేస్తే నీళ్ళు అడిగేదాకా బతికాడు. కొండంత పేరు పెట్టాం, నిలబడతాడనుకున్నాం అంది. అక్కడ ఆగిపోయింది.

నాలుగోవారు అని తవిటయ్య అడిగాడు.

“ఆడగుంట. పేరెట్టనేదు,” అంది అసిరమ్మ. “బయమేసింది.”

ఏరు పారుతూనే ఉంది. ఆమె కొంగు పిండుకుని ముందు నడిచింది. అతను కాస్త వెనకగా, పరాయివాడిలా నడిచాడు. ఆమెకు అలా ఉంటేనే ధైర్యమని ఇప్పుడు తెలుసు.

కర్మ పూర్తయ్యాక తవిటయ్య ఆశ్రమానికి తిరిగి వచ్చాడు. గురువుగారు ఆవు మెడ నిమురుతూ నిలబడి ఉన్నారు. విని ఏమంది అని అడిగారు. ఆడి ముందు ఎంతమంది పోయారని అడిగింది అన్నాడు తవిటయ్య. నువ్వేం చెప్పావన్నారు. నాకు తెలియదని చెప్పాను అన్నాడు. గురువుగారు తలూపి దాణా తొట్టి వైపు వెళ్ళిపోయారు. ఏడుగురిలో గొప్పవాడెవరన్న ప్రశ్న అతను మళ్ళీ ఎత్తలేదు. దీక్ష మాటా ఎత్తలేదు. సెలవు బియ్యం ఎవరినడగాలి? కొన్నతల్లి కాలిపోయింది. కన్నతల్లిని అడిగితే, ఆ బియ్యం ఇవ్వడం కోసమైనా ఆమె తల్లినని ఒప్పుకోవాలి. ఆ కష్టం ఆమెకు పెట్టదలచుకోలేదు. మాఘ పున్నమికి దీక్ష జరగలేదు. అతను పాత పేరుతో, పాత బట్టలతో అలాగే ఉండిపోయాడు. కూర్మనాథానికి ఇది బొత్తిగా నచ్చలేదు.

ఆ పున్నమి సాయంత్రం ఎప్పటిలాగే జనం వచ్చారు. నీలంవలస నుంచి కూడా ఒక బండి వచ్చింది. అసిరమ్మ ఆడవాళ్ళ వెనకగా, అంచున, స్తంభానికి ఆనుకుని కూర్చుంది. పక్కనున్న ఒకామె కథ చెప్పేవాణ్ణి చూసి, మీ ఊరివాడటగా, ఎవరి కొడుకు అని అడిగింది.

“పోలమ్మ గుంటడు,” అంది అసిరమ్మ.

ఆ పక్క నుంచే వెళ్తున్న తవిటయ్య చెవిన ఆ మాట పడింది. ఇదివరకైతే గొంతులో ముల్లయి గుచ్చుకునేది. ఇప్పుడు అతని కళ్ళు నిండాయి, తల వంచుకున్నాడు. ఆ సాయంత్రం అతను ఏడుగురు తవిటయ్యల కథలే చెప్పాడు. మాటల్లో పాత ఆర్భాటం లేదు. సరంగు పేరు చెప్పబోయే ముందు ఆగాడు. కోట నాయుడి ముందు ఆగాడు. ప్రతి పేరుకు ముందూ అలాగే, పెదవులు కొద్దిగా కదులుతూ, వింటున్నవాళ్ళు చాప మీద అటూ ఇటూ సర్దుకునేంతసేపు ఆగి, అప్పుడు మొదలుపెట్టేవాడు. జనం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. స్తంభం దగ్గరున్న అసిరమ్మ మాత్రం అతను ఆగినప్పుడల్లా కళ్ళు మూసుకుంది.

కథ అయ్యాక కూర్మనాథం గురువుగారి దగ్గరకు వచ్చి మొరపెట్టుకున్నాడు. తవిటయ్యకు ధ్యాస తప్పింది, నోటికి వచ్చిన కథలే అడుగడుక్కీ మరిచిపోతున్నాడు, వచ్చిన జనం ముందు పరువు పోయింది అన్నాడు.

లోకనాథం గారు బండి ఎక్కుతున్న ఆడవాళ్ళ వైపు చూస్తూ అన్నారు.

“మరిచిపోలేదు నాయనా. ముందు పుట్టినవాళ్ళని ముందు నడవనిస్తున్నాడు.”